పెనుగంచిప్రోలు ప్రయాణము

గడచిన మాఘమాసమున, తిరునాళ్ల సందడి సద్దుమణిగిన పిమ్మట, మేమును మా తోడికోడలు అక్కయ్యయును పెనుగంచిప్రోలు పోయి వచ్చితిమి. అది ఒక్క దినపు ప్రయాణము. విజయవాడనుండి ఇంచుమించు 70 కిలోమీటర్ల దారి. కాశీ రామేశ్వరములు సేవించి వచ్చినవారే నోరు మెదపక యుండగా, ఇంత చిన్న ప్రయాణమునకు వ్యాస మెందుకని సోదరీమణులు నవ్వవచ్చును. కాని యా యూరికి మేము రెండు పనులమీద పోయితిమి. ఒకటి అక్కయ్య మ్రొక్కు. రెండవ పని మా చేతిసంచిలో, పసుపు కుంకుమల పొట్లముల క్రింద, ఒక కవరులో నుండెను. దాని సంగతి అక్కయ్య యెరుగదు.

కవరులో నున్నది పదునాలుగు పుటల కథ, మేము వ్రాసినది. ఇరువది యేండ్లకు పైబడి మేము వ్రాయుచున్నాము. పిల్లలు చదువుకొను దినములలో, ఏడాది చివర మిగిలిపోవు నోటుపుస్తకముల వెనుక పుటలలో మొదలుపెట్టితిమి. వారు ఉద్యోగములకు పోయిన తరువాత పుస్తకములు కొనియే వ్రాసితిమి. అవి యన్నియు బీరువాలో పట్టుచీరల క్రింద భద్రముగా నున్నవి. ఇంటిలో ఎవరును వ్రాయవలదని యనలేదు. అనినవారు లేకపోవుటచేత మా పిరికితనమునకు ఆ సాకు కూడ దక్కలేదు. నాలుగు మారులు పత్రికకు పంపుటకై కవరుపై చిరునామా వ్రాసితిమి. ఒకమారు తపాలాపెట్టె వరకును పోయి, ఎదుటి బండిమీద చిక్కుడుకాయలు లేతగా నున్నవని కొని, కవరును చిక్కుడుకాయలను ఒకే సంచిలో వేసికొని ఇల్లు చేరితిమి.

దూరమునుండి చూచినప్పుడు భయ మొక్కటే యనుకొంటిమి. దగ్గరకు పోయి చూచిన అది ఒక్కటి గాదు. మొదట మాకు అక్షరదోషములను గూర్చిన దిగులుండెను. మొల్ల తన రామాయణమునకు ముందు, తనకు శాస్త్రములు రావనియు, వ్యాకరణ చ్ఛందస్సులు తెలియవనియు వరుసగా చెప్పుకొన్నది. చెప్పుకొని యూరకుండలేదు, వెంటనే రామాయణమును చెప్పినది. ఆ సంగతి తెలిసిన తరువాత మా సంధి తప్పులు మాకు అంత పెద్దవిగా కనబడలేదు. సంపాదకులు త్రిప్పి పంపుదురేమో యను జంకు కొంతకాలము బాధించినది. బియ్యములో రాళ్లేరుట యెవరి యింటనైన నున్నదే. వారి పని వారు చేయుదురు. ఆ జంకు కూడ మెల్లగా వదలినది. తుదకు మిగిలిన భయమునకు మాత్రము పేరున్నది, ముఖమున్నది. ఆనాటి యుదయమున అది బస్సులో కిటికీ ప్రక్కన కూర్చుండి కునికిపాట్లు పడుచుండెను.

కథ మా అత్తగారిని గూర్చినది. ఆమె మూడవ తరగతి దాటి చదువలేదు. అయినను పాటలు కట్టెడివారు. పేరంటములలో పాడు మంగళహారతులు కొన్ని, లాలిపాటలు కొన్ని, కాపురమునకు వచ్చిన పిల్ల తన మనసులోని మాటలు తనలో తాననుకొను పెద్దపాట యొకటి. ఎర్ర అట్ట పుస్తకములో, ఊదారంగు సిరాతో, అక్షరము అక్షరము విడివిడిగా వ్రాసికొనెడివారు. ఎవరైన వచ్చిన అలికిడి కాగానే పుస్తకము బియ్యపు డబ్బా వెనుకకు పోయెడిది. మాకు మాత్రము ఒకటి రెండు మారులు చూపించిరి. 1998లో పల్లెలోని పెద్దయింటిని విడిచి పట్నము వచ్చునప్పుడు, పాత వార్తాపత్రికలతోపాటు ఆ పుస్తకమును చిత్తుకాగితములవాని త్రాసులోనికి పోయినది. మేము పెరటిలోనుండి వచ్చి చూచునప్పటికి బండి సందు మలుపు తిరిగినది. అక్కయ్య వాకిట నిలువబడి చిల్లర లెక్క పెట్టుకొనుచుండెను. ఎర్ర అట్ట పుస్తకము చూచితివా యని అడిగితిమి. ఏమో, కాగితములన్నియు వేసినానని యనెను. మేము మరల అడుగలేదు. అత్తగారు మరి రెండేండ్లు జీవించియుండిరి. ఆమెయు ఒక్కమాట యనలేదు.

ఆ సంగతినే కథగా వ్రాసితిమి. పేర్లు మార్చితిమి, ఊరు మార్చితిమి, అత్తగారిని పిన్నత్తగారిని చేసితిమి. అయినను ఆ కథలో, చీరకొంగు నడుమునకు బిగించి, పుస్తకమును విప్పియైన చూడక త్రాసులో పడవేసిన పెద్దకోడలు ఎవరో మా చుట్టములలో చంటిపిల్ల కూడ చెప్పగలదు. ఈ పత్రికయే మా బంధువులలో నాలుగిండ్లకు పోవును. అచ్చయిన నాడు అక్కయ్య దానిని చూచును. ఏ పేరంటముననో ఒకరు నవ్వుచు ఆమెను అడుగుదురు. మేము తపాలాపెట్టె దగ్గరనుండి తిరిగివచ్చిన ప్రతిమారును మా కన్నులయెదుట నిలిచినది ఆ పేరంటమే.

కనుక ముందుగా ఆమెకే చూపవలెనని నిశ్చయించుకొంటిమి. ఇంటిలో చూపుటకు ధైర్యము చాలలేదు. ఇంతలో మనుమరాలి జ్వరము తగ్గినందుకు తిరుపతమ్మ తల్లికి పొంగలి మ్రొక్కుకొన్నానని, తోడు రమ్మని ఆమెయే ఫోను చేసెను. ఏ యూరను మాట వినగానే మేము సరే యంటిమి. పెనుగంచిప్రోలు అక్కయ్యకు తిరుపతమ్మ యూరు. మాకు భండారు అచ్చమాంబగారు పుట్టిన యూరు.

తెల్లవారకమునుపే విజయవాడ బస్సు స్టేషనులో నందిగామ బస్సు ఎక్కితిమి. 2025 ఆగస్టు 15వ తేదీనుండి ఆంధ్రప్రదేశములో పల్లెవెలుగు మొదలైన బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు గదా. కండక్టరు ఆధారు కార్డు చూచి సున్న రూపాయల టిక్కెట్టు ఇచ్చెను. అక్కయ్య దానిని వెనుకకు ముందుకు త్రిప్పి చూచి, "సున్నకు కూడ కాగితము దండుగ చేయవలెనా?" అని పర్సులో పెట్టుకొనెను. ఆమె కాగితమును గూర్చి మాటాడగానే మాకు గుండె ఝల్లుమన్నది. దోషి ఎవరో, జంకినది ఎవరో!

ఇబ్రహీంపట్నము దాటువేళకు తెల్లవారినది. విద్యుత్కేంద్రపు పొగగొట్టములు మంచులో సగము మునిగియున్నవి. కొండపల్లి బొమ్మల దుకాణము లింకను తెరువలేదు. తెల్లపొణికి కర్రతో చేసిన ఆ అంబారీ యేనుగు మా పుట్టింట ఒకటుండెడిది. దాని తొండము విరిగినను ప్రతి సంక్రాంతికిని బొమ్మలకొలువులో పైమెట్టు దానిదే. కంచికచర్ల దాటిన పిమ్మట కీసర దగ్గర మున్నేటి వంతెన వచ్చినది. మునియేరని పాతపేరు. తెలంగాణములో పుట్టి, ఖమ్మము ప్రక్కగా దిగివచ్చి, ఈ ప్రాంతమున కృష్ణలో కలియును. మాఘమాసపు మున్నేరు ఇసుకలో నాలుగు పాయలుగా, దారి తప్పిన దానివలె పారుచుండెను. ఈ యేరే 2024 సెప్టెంబరు మొదటి దినములలో ఖమ్మమునుండి ఇటు వరకును ఊళ్లను ముంచినదన్న నమ్మశక్యము గాదు.

నందిగామలో బస్సు మారి ఉత్తరముగా పోయితిమి. ఇరుప్రక్కల మిరపకల్లములు. నేలంతయు ఎర్రదుప్పటి పరచినట్లు కాయ యెండుచున్నది. ఆ ఘాటునకు బస్సులోని వారందరము వరుసగా తుమ్మితిమి. తుమ్ము శుభమో అశుభమో తేల్చుకొనకమునుపే పెనుగంచిప్రోలు చేరితిమి.

ఊరు ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. గుడి ఏటికి దగ్గరగా నున్నది. తిరునాళ్లు ముగిసినను జనము తక్కువగా లేదు. గాజుల దుకాణములు, మరమరాల గుట్టలు, తలనీలా లిచ్చి గంధము పూసికొన్న పసిపిల్లలు. అక్కయ్య మూడు ఇటుకలు పేర్చి పొయ్యి వెలిగించి, కొత్త కుండలో పొంగలి పెట్టినది. పాలు పొంగి తూర్పువైపు ఒలికినవని సంతోషించినది. మేము పుల్లలు ఎగదోయుచు కూర్చుంటిమి.

ఈ తల్లి కథ ఎరుగని యిల్లు కృష్ణాతీరమున నుండదు. అనిగండ్లపాటి ఆడపడుచు, ఈ యూరి గోపయ్య యిల్లాలు. అత్తింట ఆరళ్లు పడినది. రోగము వచ్చిన ఇంటినుండి వెలివేసి పశువులపాకలో నుంచిరనియు, పులివాత బడిన భర్తతోడిదే తన బ్రతుకని అగ్నిలో ప్రవేశించినదనియు చెప్పుదురు. ఆ సహగమనమును గూర్చి మా మనసునకు తోచున దొకటున్నది గాని యిచ్చట చర్చింపము. మమ్ము ఆలోచింపజేసినది మరియొకటి. ఇంటి గుట్టు గడప దాటరాదని మా చిన్ననాటినుండి విన్నాము. ఈ యూరిలో నొక యింటి కోడలిని అత్త యేమనినది, ఆడుబిడ్డ యేమనినది, అన్నము పెట్టినది లేనిది పాటగట్టి పాడుచు వేలకొలది స్త్రీలు బండ్లు కట్టుకొని వచ్చుచున్నారు. ఆ గుట్టు గడపలోపలనే యుండిన ఈ పొంగలియు లేదు, ఈ తిరునాళ్లును లేవు. ఈ మాట అక్కయ్యతో అనవలెనని నోటివరకు వచ్చినది. కాని పొగకు దగ్గు వచ్చి ఆగిపోయితిమి.

దర్శనమైన పిమ్మట, ఊరిలో నొకరి యిల్లున్న తావు చూడవలెనని అక్కయ్యను తిప్పితిమి. నిజము చెప్పవలెనన్న ఆ తావు మాకు దొరకలేదు. ఒక ముసలాయన, కొమర్రాజువారి పేరు విన్నానని యనెను గాని దారి చెప్పలేకపోయెను. నూరేండ్లకు పైబడిన మాట. మేమును పట్టుబట్టి వెదకలేదు. వీధులలో నడచుచు ఆమె సంగతులు అక్కయ్యకు చెప్పితిమి.

అచ్చమాంబగారు 1874లో ఇచ్చట జన్మించిరి. చిన్నతనముననే తండ్రి పోయెను. పదేండ్ల ప్రాయమున భండారు మాధవరావుగారితో వివాహమయ్యెను. ఆయన ఉద్యోగము మధ్యపరగణాలలో. తెలుగుమాట వినబడుటయే యరుదైన ఆ దేశమున కాపురము. బడికి పోయినది లేదు. తనకంటె మూడేండ్లు చిన్నవాడైన తమ్ముడు లక్ష్మణరావుగారిని తన యింట నుంచుకొని చదివించుచు, ఆయన చదివి వచ్చిన చదువును ఆయనయొద్ద తాను నేర్చుకొనిరి. ఆ తమ్ముడే తరువాత 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించుటకు ముఖ్యులైన కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు. అక్క తెలుగు హిందీలతో నాగక మరాఠీ, గుజరాతీ, వంగభాషలను కూడ నేర్చిరి.

అట్లు నేర్చినది ఆమె బీరువాలో పెట్టలేదు. చరిత్రలోని స్త్రీల జీవితములను వెదకి, కూర్చి, 'అబలా సచ్చరిత్ర రత్నమాల'యని 1901లో గ్రంథముగా వెలువరించిరి. స్త్రీలు బలము లేనివారు, బుద్ధి లేనివారు, చదివిన చెడుదురు అనువారి మాటలు అబద్ధములని చూపుటకే వ్రాయుచున్నానని పీఠికలో దాచక చెప్పిరి. తన గోడు చెప్పుకొనుటకు ముందు ఇతర స్త్రీల కథలు చెప్పుటవలన ఆమెకు కలము కుదురుకొన్నదేమో యని మాకు తోచును; ఇది మా యూహ మాత్రమే. 1902లో 'హిందూ సుందరి'లో ఆమె కథ 'ధనత్రయోదశి' వచ్చినది. పండుగ పూట పరుల సొమ్మునకు ఆశపడిన భర్తను బీద యిల్లాలు సరిదిద్దుట అందలి విషయము. ఆ యేడే బందరున బృందావన స్త్రీసమాజమును స్థాపించిన వారిలో ఆమె యొకరు. 1905లో, ముప్పదియేండ్ల వయసుననే, బిలాసుపూరులో గతించిరి. రత్నమాలలోని అన్ని భాగములును పూర్తికాలేదు.

"ముప్పదియా!" అని అక్కయ్య నిలిచిపోయినది. ఆమె చిన్నకూతురు వయసు ముప్పది.

మేము ఇంకొక సంగతి చెప్పితిమి. తెలుగున తొలి కథ 1910లో గురజాడవారు వ్రాసిన 'దిద్దుబాటు' అని మన పాఠ్యపుస్తకములు చిరకాలము చెప్పినవి. తరువాత పరిశోధకులు పాత సంచికలు తిరుగవేయగా, అంతకు ఎనిమిదేండ్ల ముందటి అచ్చమాంబగారి కథలు బయటపడినవి. తొలికథ యేదను వాదులాట పండితులకు వదలుదము. అన్నియేండ్లు ఎవరును పలుకరింపకున్నను ఆ కథ ఆ పుటలలో నుండినది. అడిగినవానికి దొరకినది.

"అచ్చులో నుండబట్టి దొరకినది," అని అక్కయ్య తనలో తాననుకొన్నట్లు అనినది. ఆ తరువాత చాలసేపు ఏమియు మాటాడలేదు. ఎందుకో మాకప్పుడు తెలియలేదు.

మధ్యాహ్నము ఏటియొడ్డున చెట్టునీడను పులిహోర తిన్న తరువాత, ఇక వాయిదా వేయుటకు ఏ పనియు మిగులలేదు. కవరు తీసి ఆమె చేతిలో పెట్టితిమి. చదివి చెప్పుమంటిమి; మేము వ్రాసినదంటిమి. నోరెండిపోయి అంతకంటె చెప్పలేదు. అక్కయ్య కండ్లజోడు తుడిచికొని, పెట్టుకొని, మొదటి పుట తీసినది.

ఆమె పెదవులు కదుపుచు చదువును. పదునాలుగు పుటలకు ముప్పావుగంట పట్టినది. ఆ ముప్పావుగంట మేమేమి చూచితిమని యడిగిన అంతయు చెప్పగలము. ఏటిలో ఎనిమిది గేదెలు పండుకొనియున్నవి. వాని వీపులమీద తెల్లకొంగలు. ఆవలి పాయలో ముగ్గురు స్త్రీలు దుప్పట్లు ఉతికి ఇసుకమీద ఆరవేయుచున్నారు. ఒక పిల్లవాడు చెప్పులు చేతపట్టుకొని నీరు దాటుచు, నడుమ నిలిచి, దాటుటయా మరలుటయా యని తెలియక ఏడ్చుటకు మొదలుపెట్టెను. ఎనిమిదవ పుట దగ్గర అక్కయ్య పెదవులు కదలుట మానినవి. త్రాసు వచ్చు పుట అదియే. అప్పుడు ఆమె చేతిలోని కాగితములను లాగికొని ఏటిలో కలుపుదమా యను బుద్ధి కూడ పుట్టినది.

ముగించి, కాగితములను మోకాలిమీద సరిచేసి, మడిచి, కవరులో పెట్టినది. కండ్లజోడు తీసి చేతిలోనే యుంచుకొన్నది.

"ఆ దినమున నేను కట్టుకొన్నది నీలపుచీర గాదు. పసుపుపచ్చ చుక్కల చీర," అనినది.

మేము తలవంచుకొంటిమి.

"చెల్లీ, ఆ పుస్తకము నేను త్రాసులో వేసితిని. చూడకుండ వేయలేదు. అత్తయ్యయే నాచేతి కిచ్చినది."

మాకు వెంటనే అర్థము కాలేదు. ఆమె యేటివైపు చూచుచు మెల్లగా చెప్పినది. ఆ దినమున ఉదయము అత్తగారు ఆమెను గాదెగదిలోనికి పిలిచి, పుస్తకమును పాత పత్రికల నడుమ పెట్టి కట్టయు తానే కట్టిరట. పట్నములో ఇరుకిల్లు, దాచుకొనుటకు తావుండదు, తాను పోయిన తరువాత ఎవరో యొకరు తీసి చదువుదురు, ఈ ముసలిది ఇన్ని మాటలు కడుపులో పెట్టుకొని కాపురము చేసినదా యని నవ్వుదురు, లేదా తన బిడ్డలు నొచ్చుకొందురు, అనిరట. "చిన్నదానికి చెప్పకుము, దానికి తెలిసిన దాచిపెట్టును," అని ఒట్టు వేయించుకొనిరట.

"నీవు అడిగినప్పుడు ఏమో యంటిని. ఒట్టు గదా. నీవు నన్ను అప్పటినుండియు అదియొక రకముగ చూచుట నాకు తెలియదా?" అనినది అక్కయ్య. అందులో నిష్ఠూరము లేదు. ఉండిన మాకు సుఖముగా నుండెడిది.

మేము చాలసేపు మాటాడలేకపోయితిమి. ఇన్నియేండ్లు మేము పిరికితనమని తిట్టుకొన్న భయములో సగము పిరికితనమే, సందేహము లేదు. మిగిలిన సగము, ఈ కథలో మా కెరుకలేని దేదో యున్నదని లోలోపల తెలిసియుండుట. ఆనాడు మరల అడుగక, కథ వ్రాయునప్పుడును అడుగక, మాకు నచ్చినట్లు నింపుకొంటిమి. చిక్కుడుకాయలు అడ్డువచ్చిన నాడే ఆ కవరు పోయియుండిన, అచ్చయినది చూచియు అక్కయ్య ఒట్టు తప్పెడిది గాదు. ఆ పేరంటములో నవ్విన వారియెదుట కూడ ఏమో యనియే యుండెడిది.

చింపివేయుదమని కవరు తీసికొనబోతిమి. అక్కయ్య ఇవ్వలేదు.

"అత్తయ్య చేసినపనియే నీవును చేయుదువా? ఒక పుస్తకమునకు నేను చేయి కలిపితిని. చాలును. ఇది సరిచేసి పంపుము," అనినది.

ఒట్టు మాట యేమని అడిగితిమి.

"నీకు చెప్పవద్దన్నది నీవు దాచుదువని గదా. ఇప్పుడు దాచుట కేమున్నది? నేడు అమ్మవారియెదుట చెంపలు వేసికొని వచ్చితిని. ఆ వీధిలో నీవు ఆ మాట చెప్పుచుండగానే, నీతో చెప్పవలెనని తోచినది. నీ కథ నాకంటె ముందు బయటపడినది."

పిమ్మట ఆమె చేసినది మేము తలచనైన తలచలేదు. కాళ్లు చాచుకొని, గొంతు సవరించుకొని, పాడుటకు మొదలుపెట్టినది. అత్తగారి పెద్దపాట! తిరుగటి కిరుప్రక్కల కూర్చుండి పిండి విసరునాళ్లలో అత్తగారు పాడగా పాడగా ఆమెకు నోటికి వచ్చినదట. మొత్తము గాదు, మొదట కొంత, చివర కొంత. కాపురమునకు వచ్చిన పిల్ల బండిలోనుండి ఊరిలోని యిండ్లను లెక్కపెట్టుచు, ఏది తనదియో తెలియక, ప్రతి వాకిటిని తన వాకిలే యనుకొనును. ఆ ఘట్టము సాంతముగ వచ్చినది. నడిమి భాగము పోయినది. అక్కయ్య గొంతు పెద్దది. ఆవలి పాయలో ఉతుకుచున్న స్త్రీలు తలలెత్తి చూచి, ఒకతె చేతిగుడ్డ విడిచి నిలువబడి వినినది. అత్తగారి పాట ఇంటివారు గాని వారి చెవిని పడుట అదియే మొదటిసారి యనుకొందుము. ఆమె నవ్వలేదు. ఇంకను ఉన్నదా యని యడిగినది.

తిరుగుదారిలో, బస్సు కుదుపులలో, అక్కయ్య చరణము చరణముగా చెప్పగా కవరు వెనుక వ్రాసికొంటిమి. కవరు చాలక పొంగలికి తెచ్చిన బెల్లపు పొట్లపు కాగితము విప్పి దానిమీదను వ్రాసితిమి. దానికి చీమలు పట్టినవి. అది వేరు సంగతి.

కథను తిరిగి వ్రాయుటకు మాకు పండ్రెండు దినములు పట్టినది. పదునాలుగు పుటలు ఇరువది యైనవి. త్రాసు ఘట్టము అట్లే యున్నది గాని కట్ట కట్టిన చేతులు మారినవి. పెద్దకోడలు చీరకు పసుపుపచ్చ చుక్కలు వచ్చినవి. ప్రతి పుటకును ఒక ప్రక్కనే వ్రాసి, అంచు విడిచి, మొత్తమునకు ఒక నకలు తీసి ఇంటిలో నుంచితిమి. రచయిత్రి పేరు దగ్గర మాత్రము మరల చేయి ఆగినది. వెనుకటి పత్రికలలో పేరు చెప్పక 'ఒక సోదరి' యని వ్రాసికొన్నవారు కలరు. మేమును అట్లే పెట్టితిమి. అక్కయ్య ఫోనులో విని, "సోదరి యన్న ఎవరికి తెలియును? రేపు ఎవరైన వెదకిన ఏమని వెదకుదురు?" అని కోప్పడినది. కొట్టివేసి మా పేరు, ఇంటిపేరుతో సహా వ్రాసితిమి.

తపాలాకచ్చేరికి ఆమెయు వచ్చినది. మేము దారిలో కూరలబండ్లవైపు చూడకుండ నడిపించుటకు వచ్చితినని చెప్పినది. గుమాస్తా కవరును యంత్రముమీద పెట్టి తూచి, "లోపల కాగితములేనా అమ్మా?" అని అడిగెను. మాకు నోటమాట రాలేదు. అక్కయ్యయే "కాగితములే" అని చెప్పి, డబ్బులు తానే యిచ్చి, రసీదు తీసికొని, చదివి, నాలుగు మడతలు పెట్టి తన పర్సులో వేసికొన్నది. ఆ సున్నరూపాయల టిక్కెట్టు ఇంకను అందులోనే యున్నది.

ఇది జరిగి నెల దాటినది. కథ సంగతి ఇంకను తెలియదు. జవాబు వచ్చువరకు చేతు లూరకుండక ఈ ప్రయాణ వృత్తాంతమును వ్రాసితిమి. దీనిని మాత్రము పంపుటకు ముందే అక్కయ్యకు చదివి వినిపించితిమి. గేదెలు ఎనిమిది గావు, తొమ్మిదని ఆమె యనుచున్నది. మేము ఎనిమిదనియే యుంచితిమి.